67,387 ప్రమాదాలు, 205 దరఖాస్తులు: సైకిలును గుద్ది పారిపోతే చట్టంలో ఏముంది?

2022లో మన దేశంలో గుద్దిన బండి ఆగకుండా పోయిన ప్రమాదాలు 67,387. వాటిలో 30,486 మంది చనిపోయారు. ఇలాంటి బాధితులకు పరిహారం ఇవ్వడానికే కేంద్రం అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి కొత్త పథకం అమల్లోకి తెచ్చింది. 2022–23 ఆర్థిక సంవత్సరంలో ఆ పథకం కింద దేశం మొత్తం మీద వచ్చిన దరఖాస్తులు 205. పరిష్కారమైనవి 95.

ఒకటి క్యాలెండర్ ఏడాది లెక్క, రెండోది ఆర్థిక సంవత్సరం లెక్క. ఆ తేడాను పక్కన పెట్టి చూస్తే, వెయ్యి ప్రమాదాలకు మూడు దరఖాస్తులు వచ్చాయి. మిగతా 997 ప్రమాదాల్లో ఎవరూ అడగలేదు. అడగవచ్చని చాలామందికి ఎవరూ చెప్పలేదు.

ఈ అంకెలు సుప్రీంకోర్టు 2024 జనవరి 12న ఇచ్చిన ఉత్తర్వులో ఉన్నాయి. రోడ్డు భద్రత మీద కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ వేసిన పిటిషన్‌లో జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ పంకజ్ మిత్తల్ ధర్మాసనం ఆ ఉత్తర్వు ఇచ్చింది. 2016లో 55,942గా ఉన్న ఈ ప్రమాదాలు ఆరేళ్లలో 67,387కు పెరిగాయని, అంతకుముందు అయిదేళ్లలో పరిహారం అందింది మాత్రం 660 మరణాలకు, 113 గాయాల కేసులకేనని కోర్టు ఎత్తి చూపింది. అయిదేళ్లకూ కలిపి ఇచ్చిన సొమ్ము కోటీ 84 లక్షల 60 వేలు. ఇన్ని వేల కుటుంబాలు నష్టపోయిన దేశంలో ఇది లెక్కలోకి రాని మొత్తం.

ఇందులో సైకిలు తొక్కేవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన సైకిలిస్టులు 4,836 మంది. అంటే రోజుకు 13 మంది. మన ఊళ్లలో సైకిలు తొక్కేవాళ్లు ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ మీద హెల్మెట్ పెట్టుకుని తొక్కేవాళ్లు కొందరు. వాళ్లకంటే ఎక్కువమంది తెల్లవారుజామున పాలూ పేపర్లూ వేసేవాళ్లు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు, టిఫిన్ క్యారియరు హ్యాండిల్‌కు తగిలించుకుని మేస్త్రీ పనికి పోయేవాళ్లు, బడికి వెళ్లే పిల్లలు. వీళ్లలో చాలామంది రోడ్డు మీదకు వచ్చే వేళకు ఇంకా చీకటి విడవదు. గుద్దినవాడు వెళ్లిపోతే చూసినవాళ్లు ఉండరు. మర్నాడు జిల్లా పేజీలో ‘గుర్తుతెలియని వాహనం ఢీకొని’ అని నాలుగు లైన్లు వస్తాయి. చాలా ఇళ్లలో కేసు అక్కడితోనే ఆగిపోతుంది. ఆగిపోవాల్సిన అవసరం లేదని చెప్పడానికే ఈ కథనం.

ఇంకో అంకె కూడా చూడాలి. 2022లో అన్ని రోడ్డు ప్రమాదాలనూ కలిపి చూస్తే 4,61,312 ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంటే నూరు ప్రమాదాలకు 36 మంది పైచిలుకు. గుద్ది పారిపోయిన ప్రమాదాల్లో అది నూటికి 45. వేగంగా గుద్దిన బండ్లే ఎక్కువగా పారిపోతాయని అనుకున్నా, కింద పడినవాణ్ని లేపి ఆస్పత్రికి చేర్చే మనిషి లేకపోవడం కూడా ఆ తేడాలో ఉండే ఉంటుంది.

అంతా తేల్చేది బండి నంబరే

చట్టం దృష్టిలో ‘హిట్ అండ్ రన్’ అంటే డ్రైవరు పారిపోవడం కాదు. తగినంత ప్రయత్నం చేసినా బండి ఏదో తేలకపోవడం. డ్రైవరు పారిపోయినా బండి నంబరు దొరికితే అది మామూలు ప్రమాద కేసే అవుతుంది. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో తెలియాలంటే ఒక లెక్క చూడాలి.

38 ఏళ్ల వడ్రంగి ఒకాయన ఉన్నాడనుకుందాం. నెలకు 15,000 సంపాదన. సైకిలు మీద పనికి వెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. తొడ ఎముక విరిగి, కాలు మునుపటిలా వంగడం లేదు. తన పని చేసే శక్తి 30 శాతం పోయిందని వైద్యుల సాక్ష్యంతో తేలింది.

బండి నంబరు దొరకలేదు. అప్పుడు మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద ఆయనకు వచ్చేది 50,000 రూపాయలు.

అదే బండి నంబరు దొరికి, బీమా కూడా ఉందనుకుందాం. ప్రమాద పరిహారాలు తేల్చే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ లెక్క వేరేలా నడుస్తుంది. నెలకు 15,000కు, 40 ఏళ్లలోపు స్వయం ఉపాధి కాబట్టి భవిష్యత్తు సంపాదన పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. నెలకు 21,000 అవుతుంది. ఏడాదికి 2,52,000. 36 నుంచి 40 ఏళ్ల వయసుకు సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులో (2009) ఖరారు చేసిన గుణకం 15. దాంతో హెచ్చిస్తే 37,80,000. అందులో 30 శాతం అంటే 11,34,000. దీనికి ఆస్పత్రి ఖర్చులు, పనికి పోలేని నెలల కూలి, నొప్పికీ బాధకూ ఇచ్చే సొమ్ము, మనిషిని తోడు పెట్టుకున్న ఖర్చు, విరిగిన సైకిలు ధర విడిగా కలుస్తాయి.

ఒకే మనిషి, ఒకే గాయం. ఒక దారిలో 50 వేలు, ఇంకో దారిలో 11 లక్షలకు పైన. 22 రెట్లకు మించిన తేడా. రెండింటి మధ్య నిలిచింది ఒక నంబరు ప్లేటు. అందుకే ప్రమాదం జరిగిన తర్వాత మొదటి కొన్ని రోజులూ చాలా ముఖ్యం. ఆ రోజుల్లో బాధితుడు ఆస్పత్రిలో ఉంటాడు. నంబరు పట్టుకునే పని ఇంట్లోవాళ్లు, స్నేహితులు, తోటి పనివాళ్లు భుజాన వేసుకోవాల్సిందే.

మొదటి రోజు, మొదటి వారం

ముందు ప్రాణం. 112కు ఫోన్ చేయాలి. 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత వైద్య పథకం కింద, మోటారు వాహనం వల్ల రోడ్డు ప్రమాదానికి గురైన ఎవరికైనా, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు 1,50,000 రూపాయల దాకా చికిత్స ఉచితంగా అందాలి. గుద్దిన బండి దొరికిందా లేదా అన్నదానితో పని లేదు. బండి తెలియని కేసుల్లో ఈ ఖర్చును మోటారు వాహన ప్రమాద నిధి నుంచి చెల్లిస్తారు. ఈ పథకం కింద గుర్తించిన ఆస్పత్రుల్లోనే ఇది వర్తిస్తుంది. మరో ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే ప్రాణం నిలబెట్టే తొలి చికిత్స వరకు వర్తిస్తుంది. అడ్వాన్సు కట్టమంటే ఈ పథకం పేరు చెప్పి అడగండి.

దారిన పోయేవాళ్లు ఆగడానికి భయపడతారు. స్టేషను చుట్టూ తిరగాల్సి వస్తుందని వాళ్ల భయం. మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ వాళ్లకోసమే పెట్టారు. సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. పైగా ప్రాణాపాయంలో ఉన్నవాణ్ని సకాలంలో ఆస్పత్రికి చేర్చినవాళ్లకు రాహ్-వీర్ పథకం కింద 25,000 రూపాయల బహుమతి ఉంది. 2025కు ముందు అది 5,000 ఉండేది.

ఆస్పత్రిలో చేర్చేటప్పుడు ‘సైకిలు మీద నుంచి పడిపోయాడు’ అని చెప్పకండి. కంగారులో చాలామంది అలాగే చెబుతారు, డాక్టరు అదే రాస్తారు. ఏడాది తర్వాత బీమా కంపెనీ వకీలు ఆ ఒక్క లైనే పట్టుకుంటాడు. ‘బండి గుద్దింది’ అని చెప్పి, మెడికో-లీగల్ కేసుగా రాయించండి.

తర్వాత ఎఫ్ఐఆర్. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ప్రమాదం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో తీసుకోకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. ఆస్పత్రి పనుల్లో పడి రెండు మూడు రోజులు ఆలస్యమైందని మానేయవద్దు. ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో చెప్పింది.

నంబరు వెతకడం పోలీసుల పనే. కానీ ఆధారాలు ఎక్కడున్నాయో చూపించడం ఇంట్లోవాళ్లు చేయగలిగిన పని. సంఘటన జరిగిన చోటి నుంచి బండి పోయిన దిక్కులో ఉన్న పెట్రోలు బంకులు, ఏటీఎంలు, బార్లు, అపార్ట్‌మెంట్ గేట్లు, గుళ్లు, టోల్ ప్లాజాలు — కెమెరా ఉన్న ప్రతి చోటా పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది. కొన్ని చోట్ల వారానికే చెరిగిపోతుంది. కాబట్టి ఆ కెమెరాల జాబితాను మీరే కాగితం మీద రాసి దర్యాప్తు అధికారికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. రికార్డింగును ఎవరైనా ఫోన్‌లోకి పంపినా సరే, అసలు పరికరం నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో తీసుకోమని పోలీసుల్ని అడగండి. లేకపోతే కోర్టులో నిలవకపోవచ్చు.

సైకిలును బాగు చేయించకండి, పాత ఇనుముకు అమ్మకండి. దాని మీద అంటుకున్న రంగు, రోడ్డు మీద రాలిన హెడ్‌లైటు ముక్క, విరిగిన అద్దం, ఇవే ఒక్కోసారి బండి కంపెనీనీ మోడల్‌నూ పట్టిస్తాయి.

నంబరు దొరకనప్పుడు: 60 రోజుల దారి

161వ సెక్షన్ పరిహారం 2022 ఏప్రిల్ 1కి ముందు మరణానికి 25,000, తీవ్ర గాయానికి 12,500 రూపాయలు. 1994లో పెట్టిన ఆ మొత్తం దాదాపు 28 ఏళ్లు కదలలేదు. ఇప్పుడు మరణానికి 2,00,000, తీవ్ర గాయానికి 50,000. పెరగడమైతే పెరిగింది. కానీ ఒక్క ఎముక ఆపరేషనుకే ఇంతకన్నా ఎక్కువ బిల్లు పడే రోజుల్లో 50,000 చాలదని నా అభిప్రాయం. ఏటా కొంత పెంచే వీలుందేమో చూడమని సుప్రీంకోర్టు కూడా 2024 జనవరి ఉత్తర్వులో కేంద్రానికి చెప్పింది.

తీవ్ర గాయం అంటే కాలో చెయ్యో పోవడమే అనుకుని చాలామంది వెనక్కి తగ్గుతారు. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక గానీ పన్ను గానీ విరగడం, కీలు తప్పడం తీవ్ర గాయమే. తల గానీ ముఖం గానీ శాశ్వతంగా వికృతమైనా, చూపో వినికిడో శాశ్వతంగా పోయినా అంతే. ఇవేవీ లేకపోయినా 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడితే, లేదా రోజువారీ పనులు చేసుకోలేకపోతే అది కూడా ఇందులోకే వస్తుంది. పాత చట్టంలో అది 20 రోజులు ఉండేది. సైకిలు మీద నుంచి భుజం ఆనేలా పడితే విరిగేది కాలర్ బోను. ఆ ఒక్క ఎక్స్‌రేతో మీరు ఈ పథకానికి అర్హులు. డాక్టరు ఇచ్చే గాయాల సర్టిఫికెట్‌లో ‘తీవ్రం’ అని ఉందో లేదో డిశ్చార్జి రోజే చూసుకోండి. చిన్న గాయాలకు మాత్రం ఈ పథకంలో ఏమీ రాదు. సైకిలు నష్టానికీ రాదు. ఇది లోపమే.

దరఖాస్తు ఫారం-1లో ఇవ్వాలి. తీసుకునేది కోర్టు కాదు, రెవెన్యూ అధికారి. ఆర్డీఓ లేదా తహసీల్దారు స్థాయిలో నియమించిన క్లెయిమ్స్ విచారణ అధికారి. జత చేయాల్సినవి ఎఫ్ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్ లేదా పోస్టుమార్టం నివేదిక, ఉచిత చికిత్స పొంది ఉంటే ఆస్పత్రి పెట్టిన క్లెయిము నకలు, గుర్తింపు, చిరునామా పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్కు, తర్వాత వేరే పరిహారం వస్తే ఈ సొమ్ము సర్దుబాటు చేస్తామన్న హామీ పత్రం (ఫారం-4). వకీలు అక్కర్లేదు. ఆ అధికారి నెల రోజుల్లో విచారించి కలెక్టరుకు నివేదిక పంపాలి. కలెక్టరు 15 రోజుల్లో మంజూరు చేయాలి. జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ మరో 15 రోజుల్లో బాధితుడి ఖాతాలో వేయాలి. మొత్తం 60 రోజులు.

ఇదంతా కాగితం మీద ఉంది. అయినా 205 దరఖాస్తులే ఎందుకు వచ్చాయి? ప్రమాదం సంగతి తెలిసేది పోలీసులకు. డబ్బు ఇచ్చే దారి ఉన్నది రెవెన్యూ ఆఫీసులో. ఈ రెంటినీ కలిపేవాళ్లు లేరు. ఎఫ్ఐఆర్ కట్టిన స్టేషను ‘వాహనం ఆచూకీ దొరకలేదు’ అని ఫైలు మూసేసేది. బాధితుడు ఆర్డీఓ ఆఫీసుకు వెళ్లాలని ఆ స్టేషనులో ఎవరూ చెప్పేవాళ్లు కాదు.

2024 జనవరి ఉత్తర్వు సరిగ్గా ఆ లంకెనే బిగించింది. కేసు నమోదైన నెల రోజుల్లో బండి వివరాలు దొరక్కపోతే, పరిహారం అడిగే హక్కు ఉందని పోలీసులు బాధితుడికి లేదా వారసులకు రాతపూర్వకంగా చెప్పాలి. క్లెయిమ్స్ విచారణ అధికారి ఆఫీసు చిరునామా, ఈమెయిల్ అందులో ఉండాలి. తొలి ప్రమాద నివేదికను బాధితుల వివరాలతో సహా ఆ అధికారికి పంపాలి. అది అందిన నెలలోపు దరఖాస్తు రాకపోతే, ఆ అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలి. వాళ్లు బాధితుణ్ని వెతుక్కుంటూ వెళ్లి దరఖాస్తు పెట్టించాలి. ఇదంతా జరుగుతోందో లేదో చూడటానికి ప్రతి జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, విచారణ అధికారి, డీఎస్పీకి తగ్గని పోలీసు అధికారి కలిసి కనీసం రెండు నెలలకోసారి కూర్చోవాలి.

కాబట్టి ముప్పయ్యో రోజున స్టేషనుకు వెళ్లి ‘ఆ లెటరు ఇవ్వండి’ అని అడగడం మీరు బతిమాలుకోవడం కాదు, సుప్రీంకోర్టు మీకు ఇచ్చిన హక్కు.

చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. ఈ 50 వేలు తీసుకుంటే తర్వాత బండి దొరికినా పెద్ద కేసు వేయలేమేమోనని. వేయవచ్చు. 163వ సెక్షన్ ప్రకారం తర్వాత వచ్చే పరిహారంలోంచి ఈ 50 వేలు తగ్గించుకుంటారు, అంతే. దొరికేదాకా ఆగి చూద్దామని కూర్చోవడం వల్ల లాభం లేదు.

నంబరు దొరికినప్పుడు

ఇక్కడ దారి క్లెయిమ్స్ ట్రిబ్యునల్. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. బాధితుడు ఉండే ఊరిలోని ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. పలాస నుంచి వచ్చి హైదరాబాద్‌లో పనిచేస్తూ ప్రమాదానికి గురై ఇంటికి తిరిగి వెళ్లిన మనిషి శ్రీకాకుళం జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు.

మోటారు వాహనాల చట్టం 166(3) సెక్షన్ ప్రకారం గడువు 6 నెలలు. 1994 నుంచి 2022 దాకా గడువే లేదు. 2019 సవరణ దాన్ని మళ్లీ తెచ్చింది, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దీని చెల్లుబాటు మీద విచారణ నడుస్తున్నందున, గడువు దాటిందని క్లెయిములు కొట్టేయవద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మధ్యంతర ఉత్తర్వు ఎప్పుడైనా మారవచ్చు. ఆరు నెలలే గడువు అనుకుని నడుచుకోండి.

ఇంకో సౌకర్యం ఉంది, దీన్ని వాడుకోవడం చాలామందికి తెలియదు. పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. ఈ నివేదికనే పరిహార దరఖాస్తుగా తీసుకునే అధికారం 166(4) ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని కచ్చితంగా పాటించమంది. ఆ నివేదిక నకలు తీసుకుని, మీ ఆదాయం, వయసు, గాయాలు సరిగ్గా రాశారో లేదో చూసుకోండి.

రుజువు విషయంలో ఒక ఊరట. క్రిమినల్ కోర్టులో నేరం అనుమానానికి తావులేకుండా తేలాలి. ట్రిబ్యునల్‌లో ‘ఇలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం’ అని తేలితే చాలు. కాబట్టి డ్రైవరు క్రిమినల్ కేసులో బయటపడ్డా పరిహారం ఆగాలని లేదు. సైకిలుకు లైటు లేదనీ, పక్కకు వచ్చాడనీ బీమా కంపెనీ వాదిస్తుంది. తప్పులో కొంత భాగం బాధితుడిదని తేలితే ఆ మేరకు తగ్గుతుంది, మొత్తం పోదు. సైకిలు మీద హెల్మెట్ పెట్టుకోవాలని మోటారు వాహనాల చట్టంలో లేదు. 129వ సెక్షన్ మోటారు సైకిళ్ల గురించి చెప్పింది.

జాగ్రత్తగా ఉండాల్సిన చోటు 164వ సెక్షన్. ఎవరి తప్పో తేల్చకుండా తీవ్ర గాయానికి 2,50,000, మరణానికి 5,00,000 రూపాయలు ఇచ్చే దారి అది. తప్పు మీద గట్టి ఆధారం లేనివాళ్లకు, సైకిలిస్టుదే తప్పని వాదన వచ్చే కేసులకు ఇది మంచిదే. బీమా కంపెనీ నుంచి ఈ ప్రతిపాదన త్వరగానే రావచ్చు. కానీ చట్టం చెప్పిన పద్ధతిలో దాన్ని ఒప్పుకుంటే ట్రిబ్యునల్‌లో మీరు వేసిన పెద్ద క్లెయిము రద్దవుతుంది. మన వడ్రంగి లెక్కలో 11 లక్షలు వదులుకుని రెండున్నర లక్షలు తీసుకున్నట్టు. సంతకం పెట్టే ముందు శాశ్వత వైకల్యం ఎంతో డాక్టరుతో తేల్చుకోండి. ఎముక అతికినట్టు కనిపించినా వైకల్యం ఎంతన్నది కొన్ని నెలలు గడిస్తే గానీ తెలియదు.

దొరికిన బండికి బీమా లేకపోతే యజమానే కట్టాలి. వసూలు కష్టం, అయినా ఆ తీర్పుకు విలువ ఉంది.

రెండు ప్రలోభాల గురించి చెప్పాలి. ఒకటి, బండివాళ్ల తరఫున పెద్దమనుషులు వచ్చి ‘కేసెందుకు, ఆస్పత్రి ఖర్చులు మేం చూసుకుంటాం’ అని పది వేలో ఇరవై వేలో చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం తీసుకోవడం. కూలి మనిషికి ఆ పూట ఆ డబ్బు పెద్దదే. పైన వేసిన లెక్కను ఆ పూట గుర్తుచేసుకోండి. రెండోది, నంబరు దొరకని కేసులో ‘తెలిసినవాళ్ల బండి ఒకటి చూపిద్దాం, బీమా ఉంది’ అని మధ్యవర్తులు చెప్పడం. ఇది మోసం, నేరం. బయటపడితే క్లెయిము పోవడమే కాదు, గాయపడిన మనిషే ముద్దాయి అవుతాడు. ఇలాంటి దొంగ క్లెయిముల వల్లే నిజమైన బాధితుణ్ని కూడా కంపెనీలు అనుమానంగా చూస్తున్నాయి.

డ్రైవరుకు శిక్ష ఎంత?

ప్రమాదం చేసిన డ్రైవరు గాయపడ్డవాణ్ని ఆస్పత్రికి చేర్చాలి, 24 గంటల్లో పోలీసులకు చెప్పాలి. అది 134వ సెక్షన్. చేయకపోతే 6 నెలల దాకా జైలు లేదా 5,000 జరిమానా. నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేస్తే న్యాయ సంహిత 125(బి) కింద 3 ఏళ్ల దాకా జైలు, మరణానికి కారణమైతే 106(1) కింద 5 ఏళ్ల దాకా.

గుద్ది మనిషి ప్రాణం తీసి, చెప్పకుండా పారిపోతే 10 ఏళ్ల దాకా జైలన్న 106(2) గురించి అందరూ విన్నారు. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్ల సమ్మెకూ, హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల క్యూలకూ కారణం అదే. ఆ సమ్మె తర్వాత కేంద్రం ఆ ఉపసెక్షన్‌ను ఆపేసింది. 2024 జులై 1న మిగతా న్యాయ సంహిత అమల్లోకి వచ్చినా అది రాలేదు. ఆగితే జనం కొడతారన్న డ్రైవర్ల భయంలో నిజం ఉంది. అయితే ఆ భయానికి విరుగుడు పోలీసు స్టేషనుకో 112కో ఫోను చేయడం. మనిషిని రోడ్డు మీద వదిలేయడానికి అది సాకు కాకూడదు.

మరికొన్ని దారులు

నేరస్థుడు దొరకని కేసుల్లో బాధితుడు పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చని సురక్షా సంహిత 396వ సెక్షన్ చెబుతోంది. మీ కేసుకు అది వర్తిస్తుందో లేదో అక్కడే అడగండి. పనిలో భాగంగా సైకిలు మీద వెళ్తుండగా గుద్దితే యజమాని నుంచి లేదా ఈఎస్ఐ నుంచి కూడా హక్కు ఉంటుంది.

అన్నిటికంటే తేలికైనది ప్రధానమంత్రి సురక్షా బీమా. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వయసు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ప్రమాద మరణానికీ పూర్తి వైకల్యానికీ 2 లక్షలు, ఒక కన్నో ఒక చెయ్యో ఒక కాలో పోతే లక్ష. గుద్దిన బండి దొరికిందా లేదా అన్నది దీనికి అడ్డు కాదు. రోజూ సైకిలు మీద వెళ్లే మనిషి మీ ఇంట్లోనో మీ దగ్గర పనిలోనో ఉంటే, ఆ 20 రూపాయలు ఖాతాలోంచి కట్ అవుతున్నాయో లేదో ఈ వారమే చూడండి.

డబ్బు లేక వకీలును పెట్టుకోలేనివాళ్లు 15100కు ఫోన్ చేయవచ్చు. అది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ నంబరు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు.

మీ వీధిలో పాలు పోసే అతనికో, మీ అపార్ట్‌మెంటు వాచ్‌మనుకో ఇలాంటి ప్రమాదం జరిగితే, పరామర్శించి రావడంతో ఆపకండి. ఎఫ్ఐఆర్ నకలు ఉందా అని అడగండి. నెల నిండిన రోజున ఒకరు తోడు వెళ్లి స్టేషనులో ఆ లెటరు తీసుకోండి, అక్కడి నుంచి నేరుగా ఆర్డీఓ ఆఫీసుకు వెళ్లి ఫారం-1 ఇప్పించండి.